గుండెపోటు తర్వాత వచ్చే దిగులు: ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

గుండెపోటు వచ్చిన నాన్నకు స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేసి ఇంటికి పంపిన 22వ రోజు, ఉతకడానికి తీసిన చొక్కా జేబులో క్లోపిడోగ్రెల్ అనే, రక్తం గడ్డ కట్టకుండా వేసుకునే మాత్రల స్ట్రిప్ దొరికింది. రోజుకొకటి చొప్పున 22 మాత్రలు అయిపోవాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ మంచం మీద పరిచి గుల్లలు లెక్కపెట్టాను. 13 మాత్రమే ఖాళీగా ఉన్నాయి. పొద్దుటి మందులు అమ్మ చేతికిచ్చేది, రాత్రివి ఆయనే వేసుకుంటున్నారని అనుకుంది.

"ఎందుకు వేసుకోలేదు నాన్నా?" అని అడిగితే కోప్పడలేదు, మర్చిపోయానని కూడా అనలేదు. గోడ వైపు చూస్తూ, "వేసుకుని ఏం చెయ్యాలమ్మా?" అన్నారు.

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు కమీషన్ వ్యాపారం చేసిన మనిషి, పొద్దున్నే నాలుగింటికి లేచే మనిషి అన్న మాట అది. అప్పటిదాకా మేము బీపీ రాస్తున్నాం, షుగర్ రాస్తున్నాం, ఎకో రిపోర్టు జాగ్రత్తగా ఫైల్లో పెడుతున్నాం. ఆయన మనసు ఎలా ఉందో మాత్రం ఎవరమూ అడగలేదు. డిశ్చార్జి రోజు ఆసుపత్రిలోనూ ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత ఆరు నెలల్లో మేము తెలుసుకున్నది, చేసింది, చేయాల్సి ఉండి ఆలస్యం చేసింది, అన్నీ వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడే స్టెంటో బైపాసో అయి వచ్చి ఉంటే, ఈ పని మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

ముందుగా: గుండెకూ దిగులుకూ సంబంధం ఏమిటి

గుండెపోటు వచ్చినవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమయ్యే స్థాయిలో డిప్రెషన్ వస్తుంది. అంతకంటే తక్కువ మోతాదులో దిగులు పడేవాళ్ళు ఇంకా చాలామంది. "ఇంత పెద్ద గండం గడిచింది కదా, ఆ మాత్రం బెంగ ఉండదా" అని మనం సరిపెట్టుకుంటాం. కొద్ది రోజుల బెంగ సహజమే. రెండు వారాలు దాటి రోజంతా పట్టుకుని ఉంటే అది జబ్బు, గుండె మీద కూడా దెబ్బ కొట్టే జబ్బు. 1993లో కెనడాలోని మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలల పాటు గమనించారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో మరణాలు మిగతావారికంటే నాలుగు రెట్లకు పైగా కనిపించాయి. తర్వాత వచ్చిన ఎన్నో పరిశీలనలు కూడా ఆ వైపే చూపించాయి. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, గుండెపోటు తర్వాత పరిస్థితి విషమించడానికి కారణమయ్యే ముప్పుల్లో డిప్రెషన్‌ను చేర్చాలని చెప్పింది. అదే సంస్థ 2008 నాటికే గుండె రోగులందరినీ దీని గురించి అడగమని సలహా ఇచ్చింది.

దారి రెండు వైపులా ఉంది. గుండె జబ్బు లేనివాళ్ళకు ఏళ్ళ తరబడి డిప్రెషన్ ఉంటే, వాళ్ళకు గుండె జబ్బు వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, దిగులు చాలాకాలం ఉన్నప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎక్కువ మోతాదులో తిరుగుతుంటాయి. నాడి వేగం, బీపీ పెరుగుతాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు త్వరగా ఒకదానికొకటి అంటుకుంటాయి, అంటే గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. రక్తనాళాల లోపలి పొరలో వాపు ఉంటుంది. ఇదంతా కంటికి కనిపించదు. కనిపించేది ఇంకొకటుంది: మందులు మానేయడం, నడక మానేయడం, మానేసిన సిగరెట్ మళ్ళీ ముట్టించడం. మా ఇంట్లో దొరికిన స్ట్రిప్ ఈ రెండో దారికి సాక్ష్యం. స్టెంట్ వేసిన తొలి నెలల్లో రక్తం పలచబరిచే మాత్రలు మానితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. అందుకే మిగిలిన అడుగులన్నిటికంటే ముందు మాత్రల సంగతి చూడాలి.

అడుగు 1: ఇంటికొచ్చిన రోజే మాత్రల లెక్క

మందుల షాపుల్లో వారం డబ్బా దొరుకుతుంది, రోజుకు రెండు మూడు గదులున్నది కొనండి. ఆదివారం రాత్రి ఇంట్లో ఒకరు కూర్చుని వారానికి సరిపడా నింపాలి. పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది దేనికి వేసుకుంటున్నారు" అని వాళ్ళ చేతే చెప్పిస్తూ నింపితే ఇంకా మంచిది. వారం చివర డబ్బాలో మాత్ర మిగిలితే అరవకండి. ఎందుకు మిగిలిందో అడగండి. మరుపా, కడుపులో మంటా, ఖర్చు భయమా, లేక మా నాన్నలా "ఎందుకులే" అనా? జవాబును బట్టి పరిష్కారం మారుతుంది. ఆ నాలుగో జవాబు వినిపిస్తే రెండో అడుగును ఆ రోజే మొదలుపెట్టాలి.

అడుగు 2: రెండు ప్రశ్నలు, ఆపైన తొమ్మిది

మన పెద్దవాళ్ళు "నాకు డిప్రెషన్" అని చెప్పరు. "నీరసంగా ఉంది", "ఏదీ తినబుద్ధి కావట్లేదు", "గుండెల్లో ఏదో బరువుగా ఉంది", "నన్నిలా వదిలెయ్యండి" అంటారు. చూసే కన్ను ఉంటే గుర్తులు ఇంట్లోనే ఉంటాయి. మా ఇంట్లో రోజూ మధ్యాహ్నానికి వరండాలో కాఫీ గ్లాసు మీగడ కట్టి అలాగే ఉండేది. పేపర్ మడత విప్పకుండా టీపాయ్ మీద పడి ఉండేది. యార్డు ధరల కోసం ముందు ఆ పేజీయే తిప్పే మనిషికి, మిర్చి సీజన్ మొదలైన సంగతే పట్టలేదు.

అడగాల్సిన ప్రశ్నలు రెండు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా పోయిందా? దిగులుగా, నిరాశగా, ఇక ఏమీ లేదన్నట్టుగా అనిపిస్తోందా? ఒక్కోదానికి అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగానికి పైగా రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకో ఏడు అడగాలి. వైద్యులు ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఇదే. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు.

మిగతా ఏడూ ఇవి: నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం, అలసట, ఓపిక లేకపోవడం, ఆకలి లేకపోవడం లేదా అతిగా తినడం, నేను దేనికీ పనికిరాను, ఇంట్లోవాళ్ళకు భారమయ్యాను అనుకోవడం, పేపర్ చదవడం, టీవీ చూడడం లాంటివాటి మీద మనసు నిలవకపోవడం, మాట, కదలిక మందగించడం లేదా ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించడం. మొత్తం 27 మార్కులు. 5 నుంచి 9 దాకా తేలికపాటిది, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 గానీ అంతకు మించి గానీ అయితే తీవ్రం. 10 వచ్చిందంటే డాక్టరుకు చూపించాల్సిందే. చివరి ప్రశ్నకు 0 కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే కదలాలి. దాని గురించి కింద విడిగా రాశాను.

ఎలా అడగాలన్నది ముఖ్యం. భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అడిగితే "బాగానే ఉన్నా" అనే వస్తుంది. నేను గోళ్ళు తీస్తూ అడిగాను. తల వంచుకుని చేసే పని కాబట్టి కళ్ళలోకి చూడక్కర్లేదు, ఆయనకు మాట సులువైంది. "భారమయ్యాను" అనే ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి "రోజూ" అన్నారు. మొత్తం 16 వచ్చింది. ఆ కాగితం మీద తేదీ వేసి ఈసీజీ ఉన్న ఫైల్లోనే పెట్టాను. మీరూ అదే ఫైల్లో పెట్టండి, వేరే చోట వద్దు.

ఎప్పుడెప్పుడు అడగాలి? ఇంటికొచ్చిన రెండు వారాలకు, నెలన్నరకు, మూడు నెలలకు, ఆరు నెలలకు. కార్డియాలజిస్టు దగ్గరికి చెకప్‌కు వెళ్ళే రోజులతో కలిపేసుకుంటే మర్చిపోరు.

అడుగు 3: అది దిగులేనా, ఇంకేమైనా ఉందా

నీరసం చాలావాటికి గుర్తు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడతాడు. గుండె పంపింగ్ తగ్గినా ఆయాసం, అలసట వస్తాయి. బీపీకీ గుండెకూ ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు కొందరికి మొదట్లో నిస్సత్తువ తెస్తాయి. కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించమని డాక్టరును అడగండి. గుండె నీరసం ఎక్కువగా పని చేస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. దిగులు తెచ్చే నీరసం నిద్ర లేచేసరికే ఎదురుగా కూర్చుని ఉంటుంది. ఇది ఇంట్లో గమనించి డాక్టరుకు చెప్పడానికే, మనంతట మనం తేల్చుకోవడానికి కాదు. పడుకుంటే ఆయాసం, కాళ్ళ వాపు, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం కనిపిస్తే ముందు గుండె డాక్టరునే కలవాలి.

అడుగు 4: ఎవరి దగ్గరికి వెళ్ళాలి

మొదట మీ కార్డియాలజిస్టుకే ఆ కాగితం చూపించండి. చెకప్‌లో దొరికేది ఐదు నిమిషాలు. బీపీ, ఎకో చూసి లేవబోతుంటారు. అందుకే కూర్చోగానే చెప్పాలి: "డాక్టరుగారూ, నాన్న రాత్రి మందులు మానేశారు, ఈ ప్రశ్నలకు 16 మార్కులు వచ్చాయి." అంకె చెప్తే ఆగి వింటారు. "కొంచెం డల్‌గా ఉంటున్నారండీ" అంటే "తగ్గిపోతుందిలే" అనేస్తారు. మొదటిసారి మాకు అదే జరిగింది, మూడు వారాలు పోయాయి.

ఆ తర్వాత సైకియాట్రిస్టు. గుంటూరులో గుంటూరు మెడికల్ కాలేజీకి అనుబంధమైన ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో, విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధమైన జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. రెండూళ్ళ మధ్య మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. ప్రైవేటులోనూ రెండు ఊళ్ళలో ఉన్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి ఉదయాన్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుంటే మధ్యాహ్నానికి బయటపడొచ్చు. పాత ఫైలు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల స్ట్రిప్‌లు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. చీటీలో మందు పేరు తప్పు చదువుతారేమోనన్న భయం ఉండదు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్న మాట రాకుండా ఉండదు. నాన్న కూడా అన్నారు, యార్డులో ఎవరైనా చూస్తే అని. గుంటూరు వాళ్ళు విజయవాడకూ, విజయవాడ వాళ్ళు గుంటూరుకూ వచ్చి చూపించుకోవడం నేను కళ్ళారా చూశాను. దూరం వెళ్తే ధైర్యం వస్తుందంటే వెళ్ళండి, తప్పు లేదు. 35 కిలోమీటర్లే. నేను నాన్నతో చెప్పింది ఒక్కటే: "గుండెకు మందు రాసిన డాక్టరే పంపించారు నాన్నా, ఇది కూడా గుండె వైద్యంలో భాగమే." అది అబద్ధం కాదు కాబట్టి గట్టిగా చెప్పగలిగాను.

వెళ్ళడానికి అసలు ఒప్పుకోకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోగి మాట్లాడకపోయినా ఇంట్లోవాళ్ళు మాట్లాడి సలహా తీసుకోవచ్చు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకు ఒక మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. పాలసీ పత్రం తీసి చూసుకోండి.

అడుగు 5: మందుల విషయంలో జాగ్రత్తలు

గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అన్ని డిప్రెషన్ మందులూ ఒకటి కావు. గుండెపోటు వచ్చినవాళ్ళలో జాగ్రత్తగా పరీక్షించి చూసిన మందు సెర్ట్రలిన్. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 369 మంది మీద అది గుండెకు సురక్షితంగానే తేలింది. ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం మందులు గుండె లయను దెబ్బతీయగలవు కాబట్టి గుండెపోటు తర్వాత సాధారణంగా వాటిని తప్పిస్తారు. నిద్ర పట్టడానికని, నరాల నొప్పికని ఈ మాత్రలు కొన్ని ఇళ్ళలో ముందునుంచే ఉంటాయి. పాత డబ్బా వెతికి చూడండి, ఉంటే డాక్టరుకు చెప్పండి. ఎసిటలోప్రామ్ లాంటివి మోతాదును బట్టి ఈసీజీలో మార్పు తేవచ్చు, కాబట్టి ఈసీజీ చూసి రాస్తారు. ఫ్లూక్సెటిన్ లాంటి కొన్ని మందులు క్లోపిడోగ్రెల్ పనితనాన్ని తగ్గించే అవకాశం ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ తరహా మందులు వాడేటప్పుడు రక్తస్రావం ముప్పు కొంచెం పెరుగుతుంది. విరేచనం నల్లగా వచ్చినా, చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చెప్పాలి.

ఇవన్నీ భయపెట్టడానికి రాయలేదు. సైకియాట్రిస్టుకు గుండె మందులన్నీ, కార్డియాలజిస్టుకు డిప్రెషన్ మందూ తెలియాలి. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఫోన్ చేసుకోరు. ఆ కబురు మోసేది మనమే. షాపులో అడిగి మందు మార్చొద్దు, పక్కింటాయన చీటీ చూసి తెచ్చుకోవద్దు.

మందు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పడం, కొంచెం అలజడి ఉండొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే ఓపిక పడతారు. గుణం కనిపించగానే సొంతంగా ఆపేయడం ఇంకో పొరపాటు. డాక్టరు చెప్పినన్ని నెలలు వాడి, ఆయన చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి.

మాటలతో చేసే చికిత్స కూడా పనిచేస్తుంది. ఆలోచనల తీరును మార్చే సీబీటీ పద్ధతిని గుండెపోటు వచ్చిన 2,481 మంది మీద పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. దిగులు తగ్గింది. అయితే మరణాలు మాత్రం తగ్గలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కాబట్టి రాస్తున్నాను. దిగులుకు వైద్యం చేస్తే ఆయుష్షు పెరుగుతుందని హామీ ఇవ్వలేం. మనిషి లేచి కూర్చుంటాడు, మందులు వేసుకుంటాడు, నడుస్తాడు. నాకైతే ఆ మాత్రం చాలు.

అడుగు 6: నడక, చేతికో పని

నడక గుండెకూ మనసుకూ ఒకే మందు. డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మొదట ఐదు పది నిమిషాలు, రెండు మూడు రోజులకోసారి కొద్ది నిమిషాలు పెంచుతూ, చివరికి వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున చేరాలి. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగం చాలు. మన ఊళ్ళలో మార్చి తర్వాత ఎండ సంగతి తెలిసిందే, ఆరున్నరలోపు ముగించేయాలి. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం, విజయవాడలో రాఘవయ్య పార్కు లాంటి చోట్ల తోటి వయసువాళ్ళు కనిపిస్తారు. ఒంటరిగా ట్రెడ్‌మిల్ మీద నడవడంకంటే అదే మేలని నా నమ్మకం. మొదటి నెల ఎవరైనా తోడు వెళ్ళాలి, డాక్టరు రాసి ఉంటే, ఛాతీ నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర జేబులో ఉండాలి.

అయితే దిగులుగా ఉన్న మనిషిని "లేచి నడవండి" అంటే లేవరు. ఓపిక వచ్చాక పని చేద్దామనుకుంటారు, కానీ పని మొదలుపెడితేనే ఓపిక వస్తుంది. అందుకని చాలా చిన్న పనితో మొదలుపెట్టాలి, అదీ వాళ్ళకు వచ్చిన పనితో. ఇది నేను కావాలని చేయలేదు. మార్చి చివర్లో నాన్న దగ్గర పాతికేళ్ళు గుమస్తాగా చేసినతను చూడ్డానికి వచ్చి, సంచిలోంచి గుప్పెడు తేజ రకం మిరపకాయలు తీసి అరుగు మీద పోశాడు. "అయ్యగారూ, అరవై టిక్కీల సరుకు వచ్చింది. రైతు తేమ లేదంటున్నాడు, నాకు అనుమానంగా ఉంది." నాన్న ఒక కాయ తీశారు. తొడిమ దగ్గర పట్టుకుని వంచారు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విన్నారు. విరిచి వాసన చూసి, "ఇంకో రెండు ఎండలు పడాలి. తాలు కూడా సరిగ్గా ఏరలేదు" అన్నారు. రెండు నెలల్లో ఆయన అడగకుండా మాట్లాడిన మొదటి మాటలవి. ఆ తర్వాత గుమస్తా వారానికి రెండుసార్లు శాంపిల్ తెచ్చేవాడు. ఆ రోజుల్లో నాన్న స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకునేవారు. కాయల ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం, ఎవరమూ వద్దనలేదు.

మీ ఇంట్లో ఆ మనిషికి చేతనైన పని ఏదో వెతకండి. దర్జీ అయితే ఒక గుండీ కుట్టించండి. టీచరు అయితే మనవడి లెక్కల నోటు ఇవ్వండి. రోజుకొకటి, పావుగంటలో అయిపోయేది చాలు.

తిండి, నిద్ర, చుట్టాలు

ఉప్పు మొత్తం రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పచ్చళ్ళు అందులో పెద్ద వాటా మింగేస్తాయి. కానీ ఆవకాయ జాడీని కంటికి కనపడకుండా దాచేసి, చప్పిడి కూడు పెట్టి, ఎందుకు తినట్లేదని అడగడం అన్యాయం. డాక్టరును అడిగి ఎప్పుడైనా గోరంత వేస్తే అన్నం లోపలికి పోతుంది. పగటి నిద్ర అరగంటకు మించనివ్వకండి, రాత్రి నిద్ర దానికదే కుదురుతుంది.

పరామర్శకు వచ్చేవాళ్ళను మాత్రం కాస్త ఆపండి. యాపిల్ పళ్ళతో పాటు "మా బావగారికి కూడా స్టెంటే, ఆరు నెలలు తిరక్కుండానే" అని కథలు తెస్తారు. "గుండె రాయి చేసుకోండి" అని సలహా ఇస్తారు. గుమ్మంలోనే మెల్లగా చెప్పండి, ఆ మాటలు వద్దని. దుర్గ గుడికి మొక్కుంటే తీర్చుకోండి, మెట్లెక్కకుండా ఘాట్ రోడ్డులో వెళ్ళండి. ఇంకో విషయం పిల్లలు అడగలేరు: ఆలుమగల కాపురం మళ్ళీ మొదలుపెట్టొచ్చా అన్న భయం. అది డాక్టరును ఆ దంపతులే ఏకాంతంగా అడిగేలా మనం గదిలోంచి బయటికి రావాలి.

ఆగకుండా కదలాల్సిన సందర్భాలు

ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం వస్తే "టెన్షన్ వల్లేమో" అనుకోవద్దు. దిగులు ఉన్నవాళ్ళకు కూడా నిజమైన గుండెపోటు వస్తుంది. కూర్చోబెట్టి, డాక్టరు ముందే చెప్పి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆటో కోసం వెతకొద్దు.

చావు గురించి మాట్లాడితే, లెక్కలు అప్పగిస్తుంటే, "నేను పోతే మీకు హాయి" అంటుంటే నేరుగా అడగండి: "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రల డబ్బాలు తాళం వేసి పెట్టాలి. 14416కు ఫోన్ చేయాలి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అడుగు 7: రెండో కాగితం

మందు మొదలుపెట్టిన ఆరు వారాలకు నాన్న మార్కులు 9కి వచ్చాయి, ఆరో నెల చెకప్‌కు 6. వారం డబ్బాలో మాత్ర మిగలడం లేదు.

అదే రోజు అమ్మ ముందు కూడా ఒక కాగితం పెట్టాను. ఆరు నెలలుగా రాత్రిళ్ళు లేచి ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూసి పడుకుంటున్న మనిషి. "నాకేమైందే, నేను రాయిలా ఉన్నాను" అంది. తొమ్మిది ప్రశ్నలూ అడిగాను. మొత్తం 11 వచ్చింది. రోగిని చూసుకునేవాళ్ళకు ఈ పట్టిక మొదటి నెలలోనే ఇవ్వాలి. నేను ఆరు నెలలు ఆలస్యం చేశాను. ఆ కాగితాన్ని నాన్నే తీసుకుని, తన ఫైల్లో కాకుండా కొత్త ఫైలు ఒకటి తెమ్మని, దాని మీద అమ్మ పేరు రాశారు. బుధవారం ఓపీకి ఇద్దరూ కలిసి వెళ్ళారు, ఈసారి చీటీ అమ్మ పేరు మీద.